లైవ్‌కు వెళ్లేవారి సంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారాలకు తెర వెనుక పనిచేసేవారి గురించి గత సంచికలో రాసిన తరువాత అందిన ఉత్తరాల్లో చాలావరకు సంచి చుట్టూనే తిరిగాయి. పనికి బయలుదేరేటప్పుడు ఏమేమి సర్దుకోవాలని ఈ వృత్తిలో కొత్తగా చేరినవారు అడిగారు. మా పిల్లవాడు రోజూ అంత బరువు భుజాన వేసుకుని ఏం మోస్తున్నాడని ఇంట్లోవారు అడిగారు. కెమెరా అసిస్టెంటుగా మొదలై ఓబీ వ్యాను (బయటి ప్రదేశాల నుంచి ప్రసారం నడిపే వ్యాను) సాంకేతిక విభాగం దాకా ఇరవై రెండేళ్లు పనిచేసిన అనుభవంతో వాటిలో కొన్నింటికి జవాబులిస్తున్నాను. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపివేశాను.

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక వార్తా ఛానల్లో కెమెరా అసిస్టెంటుగా చేరి రెండు నెలలైంది. ఇంతవరకు నగరం దాటలేదు. మేడారం జాతర వంటి పెద్ద కార్యక్రమానికి పంపితే సొంతంగా ఏం పట్టుకెళ్లాలో తెలియడం లేదు. సీనియర్లను అడిగితే "అన్నీ వ్యానులో ఉంటాయిలే" అంటున్నారు. (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అన్నీ వ్యానులో ఉంటాయన్న మాటలో అబద్ధం లేదు. అవసరం పడిన నిమిషంలో ఆ వ్యాను మీకు ఎంత దూరంలో ఉంటుందన్నది మాత్రం మీ సీనియర్లు చెప్పలేదు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకొకసారి, మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులపాటు జరిగే ఈ జాతరలో రెండో రోజు సమ్మక్కను చిలకలగుట్ట నుంచి గద్దెకు తీసుకువస్తారు. పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి తల్లికి స్వాగతం పలుకుతారు. ఆ గంటలో గద్దెల దగ్గర కెమెరా పక్కన నిలబడినవాడు వ్యాను దాకా వెళ్లి ఒక కనెక్టరు పట్టుకుని తిరిగి రావడమన్నది జరిగే పని కాదు. కాబట్టి మీ సంచిలో ఉండవలసినవి పెద్ద పరికరాలు కావు, ఏవి లేకపోతే పెద్ద పరికరం మూలన పడుతుందో ఆ చిన్న వస్తువులు.

వాటిలో మొదటిది బీఎన్‌సీ బ్యారెల్. కెమెరా నుంచి బొమ్మను మోసుకువెళ్లే కేబులు పొడవు చాలనప్పుడు దానికి మరో కేబులును కలిపే చిన్న లోహపు ముక్క ఇది. పాత అనలాగ్ రోజుల్లో కేబులు చివర కాస్త వదులైతే బొమ్మ మీద గీతలు పడేవి గాని ప్రసారం ఎలాగో నడిచిపోయేది. ఇప్పటి హెచ్‌డీ సంకేతం సెకనుకు దాదాపు 1.5 గిగాబిట్ల చొప్పున ఆ తీగలోంచి పరుగెడుతుంది. ఒక హద్దు వరకు లోపమున్నట్టే తెలియదు; ఆ హద్దు దాటగానే తెర మీద మెరుపు చుక్కలు రాలి, మరుక్షణం అంతా నల్లబడుతుంది. "ఇందాకటిదాకా బాగానే ఉంది కదా" అన్న మాటను మీరు ఈ ఉద్యోగంలో కొన్ని వందల సార్లు వింటారు. రెండు బ్యారెళ్లు, మీరు స్వయంగా పరీక్షించి పెట్టుకున్న రెండు మీటర్ల కేబులు ఒకటి దగ్గరుంటే తప్పు కెమెరాదా, తీగదా అన్నది అర నిమిషంలో తేలిపోతుంది.

రెండోది గాఫర్ టేపు. ఖరీదెక్కువని దాని బదులు అట్టపెట్టెలకు అంటించే గోధుమరంగు టేపు కొనుక్కుని తెచ్చే కుర్రవాళ్లను చూస్తుంటాను. ఎండలో ఆ టేపు జిగురు కరిగి కేబులుకు పట్టుకుంటుంది, ఆ జిగురుకు మట్టి పట్టుకుంటుంది, సాయంత్రం కేబులు చుట్టేటప్పుడు మీ చేతులకు రెండూ పట్టుకుంటాయి. గాఫర్ టేపు గుడ్డతో చేసినది, చేత్తోనే చిరుగుతుంది, ఊడదీస్తే మరక మిగలదు, లైటు పడినా మెరవదు. పూర్తి చుట్ట మోయనక్కర లేదు. పాత ఏటీఎం కార్డుకు నాలుగైదు మీటర్లు చుట్టుకుంటే చొక్కా జేబులో పడుతుంది. మేడారంలో దీని అవసరం మరింత ఎక్కువ, ఎందుకంటే అక్కడ భక్తులు బంగారమని పిలుచుకుంటూ సమర్పించేది బెల్లం. గద్దెల పరిసరాల్లో కాలి కింద నలిగిన బెల్లం, దాని మీద దుమ్ము, దాని మీద మీ కేబులు. కనెక్టర్ల మూతులకు టేపు చుట్టి ఉంచకపోతే తరువాతి కార్యక్రమంలో వాటిని విప్పడానికి పట్టకారు కావలసి వస్తుంది. తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి వేరువేరు సంచుల్లో ఉంచుకోవడం కూడా అందుకే.

మూడోది పెన్సిల్ సెల్లులు. వీటి గురించి నా తప్పునే చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఊరి ఆలయంలో కల్యాణోత్సవం లైవ్ నడుస్తోంది. పురోహితుని ఉత్తరీయానికి పెట్టిన వైర్‌లెస్ మైకులో కొత్త సెల్లులు వేశాననే అనుకున్నాను. వాడినవి, వాడనివి ఒకే డబ్బాలో వేసుకునే అలవాటు నాకు అప్పట్లో ఉండేది. సరిగ్గా మాంగల్యధారణకు ముందు మంత్రం ఆగిపోయింది. అంటే ఆయన చదువుతూనే ఉన్నారు, టీవీలో మాత్రం ఆగిపోయింది. కెమెరా మీది గన్ మైకులో వస్తున్న సన్నాయి, డోలు ఆ ముప్పావు నిమిషాన్ని కాపాడాయి. చూసినవారు అది మంగళవాద్యాల కోసం కావాలనే చేసిన ఏర్పాటనుకున్నారట. ఆనాటి నుంచి కొత్త సెల్లులను జతలుగా రబ్బరు బ్యాండు వేసి ఉంచుతాను, రబ్బరు బ్యాండు లేని సెల్లు నా దృష్టిలో చచ్చిన సెల్లే. దానిలో ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందన్న ఆలోచన ఇంటి గోడగడియారానికి పనికివస్తుంది గాని లైవ్‌కు పనికిరాదు.

ఇక మీ శరీరం కోసం. చెవులకు ఫోమ్ ప్లగ్గులు తప్పనిసరి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చునని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క చెబుతారు. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మీకున్నది పదిహేను నిమిషాలే. డప్పుల మధ్య, స్పీకర్ల వరుస పక్కన నిలబడి, పైగా టాక్‌బ్యాక్ (కంట్రోల్ రూము నుంచి చెవిలోకి సూచనలు వచ్చే లైను) వినబడడం లేదని దాని గొంతు పూర్తిగా పెంచుకునేవాడికి ఆ పదిహేను నిమిషాలూ ఎప్పుడు గడిచాయో కూడా తెలియదు. నలభై ఏళ్లకే చెవి దగ్గర చేయి పెట్టుకుని "ఆఁ?" అనే కెమెరామన్లు నా స్నేహితుల్లోనే ముగ్గురున్నారు.

నగదు కూడా పెట్టుకోండి. లక్షల మంది ఒకేచోట చేరినప్పుడు మొబైల్ నెట్‌వర్క్ మొరాయిస్తుంది. టీ కొట్టు దగ్గర ఫోనుతో చెల్లించడం కుదరదు. పది, ఇరవై నోట్లతో ఒక ఐదు వందలు చాలు. నుదుటికి కట్టుకునే టార్చి, అడవి చలికి ఒక స్వెట్టరు, రెండు జతల మేజోళ్లు ఉంటే మీ సంచి నిండినట్టే.

ప్రశ్న: నేను స్టూడియోలో ప్యానెల్ ప్రొడ్యూసరుగా, అంటే కంట్రోల్ రూములో కూర్చుని ప్రసారాన్ని నడిపించే పనిలో ఉన్నాను. బయటికి వెళ్లే పనే లేదు. నాకు కూడా సంచి కావాలా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కావాలి, అందులో మొదటి వస్తువు శాలువా. కంట్రోల్ రూములో చల్లదనం మనుషుల కోసం ఏర్పాటు చేసినది కాదు, యంత్రాల కోసం చేసినది. మే నెలలో బయట రోడ్లు కాలిపోతుంటే లోపల మోకాళ్లు బిగుసుకుపోతుంటాయి. మామూలు షిఫ్టు అయితే ఎలాగో గడుస్తుంది గాని, ఎన్నికల ఓట్ల లెక్కింపు రోజున ఉదయం ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలైన లెక్క అర్ధరాత్రికి గాని ఒక కొలిక్కి రాదు. అన్ని గంటలు కుర్చీలోంచి కదలని మనిషికి ఆ చలి ఒంట్లోకి దిగుతుంది.

రెండోది, కాగితం మీద రాసుకున్న ఫోను నంబర్లు. బయటి రిపోర్టర్లు, కెమెరామన్లు, వ్యాను ఇంజనీరు, ఎంసీఆర్ (ప్రసారం చివరగా బయటికి వెళ్లే మాస్టర్ కంట్రోల్ రూము) షిఫ్టు ఇన్‌చార్జి, అద్దెకిచ్చిన జనరేటరు యజమాని, వీరందరి నంబర్లూ మీ ఫోనులోనే ఉంటాయి. ఆ ఫోను చార్జింగు అయిపోయే సమయాన్ని అదే ఎంచుకుంటుంది. దీనితోపాటు ఒక మామూలు స్టాప్‌వాచీ ఉంచుకోండి. కంప్యూటరు తెర మీద సమయం కనబడుతూనే ఉంటుంది, నిజమే. కాని ఆ తెర కూడా ఆగిపోగలదు, ప్రకటన విరామం మాత్రం ఆగదు.

తినేవాటి విషయంలో ఒక హెచ్చరిక. టాక్‌బ్యాక్ మైకు తెరిచి ఉన్నంతసేపు మీరు నమిలే ప్రతి ముక్కా యాంకరు చెవిలో పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం గురించి గంభీరంగా చదువుతున్న ఒక యాంకరు ఒక్కసారిగా పెదవులు బిగబట్టిన కారణం వాతావరణం కాదు, మా ప్యానెల్లో ఎవరో కొరికిన జంతిక. అరటిపండు, ఖర్జూరం, ఇడ్లీ వంటి చప్పుడు చేయని పదార్థాలు తెచ్చుకోండి. నీళ్లకు, టీకి గట్టి మూత ఉన్న సీసా తెచ్చుకుని దాన్ని నేల మీదే ఉంచండి. స్విచర్ (ఏ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళ్లాలో మార్చే యంత్రం) బల్ల మీద పెట్టిన టీ కప్పు ఏదో ఒకనాడు ఒలుకుతుంది. ఒలికిన మరుసటి రోజు ఆ గది తలుపు మీద "తినుబండారాలు నిషిద్ధం" అని కాగితం అంటిస్తారు. మూడో వారానికి మళ్లీ కప్పు అక్కడే ఉంటుంది. నేను పనిచేసిన ప్రతిచోటా ఈ చరిత్ర ఇలాగే నడిచింది.

ప్రశ్న: ఫీల్డు రిపోర్టరుగా పనిచేస్తున్నాను. వరుసగా పన్నెండు, పద్నాలుగు గంటలు బయట ఉండవలసి వస్తుంది. మగవారు రాసే జాబితాల్లో మా అవసరాలు కనబడవు. (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మాట నిజం. ఈ ప్రశ్నకు నేనొక్కడినే జవాబు చెప్పడం సరికాదని ఇద్దరు సీనియర్ మహిళా సహోద్యోగులను అడిగి రాస్తున్నాను.

ఇద్దరూ మొదట చెప్పినది నడుముకు కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ గురించి. లేపల్ మైకుకు (దుస్తులకు తగిలించే చిన్న మైకు) ఉండే ట్రాన్స్‌మిటరును ప్యాంటు బెల్టుకు తగిలించేలా తయారు చేస్తారు. కుర్తాకు బెల్టు ఉండదు; చీర కుచ్చిళ్ల దగ్గర తగిలిస్తే ఆ బరువుకు కట్టు జారుతుంది. అప్పుడు మగ అసిస్టెంట్లు చేతిలో ట్రాన్స్‌మిటరు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక దిక్కులు చూడడం, మీరు ఇబ్బంది పడడం, అవతల లైవ్‌కు సమయం దగ్గర పడడం, ఇదంతా ఒక పట్టీతో తీరిపోతుంది. దుకాణంలో దొరకకపోతే దర్జీతో కుట్టించుకోవచ్చు, చిన్న జేబు కూడా పెట్టించుకుంటే చెవిలో పెట్టుకునే ఇయర్‌పీసు తీగ దాచుకోవడానికి పనికివస్తుంది. ఆ ఇయర్‌పీసు మాత్రం మీ సొంతది ఉండాలి, ఒకరి చెవిది ఇంకొకరు పెట్టుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు. కొత్త ఫోన్లలో పలుచోట్ల గుండ్రటి హెడ్‌ఫోను రంధ్రం ఉండడం లేదు కాబట్టి టైప్-సీ కన్వర్టరును ఇయర్‌పీసుకే తగిలించి ఉంచుకోండి.

రెండో విషయం మరుగుదొడ్డి. బహిరంగ సభ అయినా, వరద అయినా, ధర్నా అయినా వేదిక దగ్గర ఆ సదుపాయం ఉండదన్న లెక్కతోనే బయలుదేరాలి. చాలామంది అమ్మాయిలు దీనికి కనిపెట్టిన పరిష్కారం పొద్దున్నుంచీ నీళ్లు తాగకపోవడం; ఎండలో వడదెబ్బకు, ఆ తరువాత మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు అదే దారి. దాని బదులు, వెళ్లే దారిలోనే ఆర్టీసీ బస్టాండు, పెట్రోలు బంకు, ప్రభుత్వ ఆసుపత్రి ఎక్కడున్నాయో డ్రైవరుతో కలిసి గుర్తుపెట్టుకోండి. శానిటరీ ప్యాడ్లు, కాగితం సబ్బు, పాత దినపత్రిక, ముదురు రంగు దుస్తులు ఒక జత వేరే చిన్న సంచిలో ఉంచి ఆ సంచిని ఎవరూ తెరవరని జట్టులో ముందే చెప్పేయండి. విరామం కావాలని అడగడానికి సంకోచించవద్దని ఇద్దరిలో పెద్దావిడ ప్రత్యేకంగా రాయమన్నారు. ట్రైపాడ్ కాలు విరిగితే ఆగే జట్టు, మనిషి అవసరానికి ఆగలేనంటే ఆ లోపం జట్టుదేనని ఆమె అభిప్రాయం.

దుస్తుల గురించి ఒక్క మాట. సన్నని గళ్లు, సన్నని చారలు కెమెరాలో పురుగులు పాకుతున్నట్టు కదులుతాయి. స్టూడియోలో ఆకుపచ్చ తెర ముందు నిలబడే రోజు ఆకుపచ్చ చీర కట్టుకుంటే తల, చేతులు మాత్రమే మిగులుతాయి.

ప్రశ్న: ఢిల్లీలో ఒక కార్యక్రమానికి మా నలుగురు సభ్యుల జట్టు విమానంలో వెళ్లింది. తిరుపతి విమానాశ్రయంలో బ్యాటరీల దగ్గర మమ్మల్ని ఆపేశారు, కొన్నింటిని వెనక్కు పంపవలసి వచ్చింది. అసలు నియమమేమిటి? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లోపం ఎవరిదన్నది పక్కన పెట్టి లెక్క చెబుతాను, ఎందుకంటే ఇది చాలావరకు లెక్కల వ్యవహారం. లిథియం బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. బ్యాటరీ మీద ఆ సంఖ్య లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో హెచ్చవేస్తే వస్తుంది. కెమెరా వెనుక తగిలించే వీ-లాక్ బ్యాటరీ 14.4 వోల్టులు, 6.6 ఆంపియర్-అవర్లు అనుకుంటే 95 వాట్-అవర్లు. 100 వాట్-అవర్లలోపు ఉన్న బ్యాటరీలను ప్రత్యేక అనుమతి లేకుండా చేతిసంచిలో తీసుకువెళ్లవచ్చు, సంఖ్య మీద ఎయిర్‌లైన్సు సొంత పరిమితులు ఉంటే ఉండవచ్చు. 100 నుంచి 160 మధ్యవైతే ఎయిర్‌లైన్సు అనుమతి కావాలి, మనిషికి రెండు స్పేర్లకు మించకూడదు. 160 దాటినవి ప్రయాణికుల సామానులో కుదరవు. మన జట్లలో ఎక్కువసేపు వస్తుందని ఇష్టపడి వాడే 190 వాట్-అవర్ల బ్యాటరీ ఆగిపోయేది ఇక్కడే. మార్కెట్లో 95, 98 అంకెలు అంత తరచుగా కనబడడానికి కారణం కూడా ఈ నియమమే.

స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఎప్పుడూ చెకిన్ సామానులో వేయకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్లో ఆర్పడానికి మనుషులుంటారు, సామాను గదిలో ఉండరు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, మల్టీటూలు దీనికి తలకిందులు, అవి చెకిన్‌లోనే వెళ్లాలి. తొందరలో ఈ రెండింటినీ తారుమారు చేసి సర్దినవారే సెక్యూరిటీ దగ్గర నేల మీద సంచి బోర్లించుకుని కనబడతారు. బ్యాటరీ ధ్రువాల మీద టేపు వేసి, ఒక్కొక్కటి వేరువేరు కవర్లలో పెట్టి, నలుగురి చేతిసంచుల్లోకి పంచండి. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లే అవుతుంది గాని ముప్పై వేలది 111 దాకా పోతుందని గుర్తుంచుకోండి.

తిరుపతి నుంచి రాశారు కాబట్టి కొండ మీది లైవ్ గురించి కూడా. సిగరెట్లు, గుట్కా వంటివి అలిపిరి తనిఖీ దగ్గరే ఆగిపోతాయి, ఆ అలవాటున్నవారు సంచి అడుగున మరిచిపోయిన ప్యాకెట్లను ఇంటి దగ్గరే తీసివేయడం మేలు. ఆలయ ప్రాంగణాల్లో పని ఉన్నవారు పంచె, ఉత్తరీయంతోపాటు తోలు బెల్టుకు, తోలు పర్సుకు బదులు గుడ్డవి సిద్ధం చేసుకోవాలి; టూల్స్ పెట్టుకునే తోలు పౌచి సంగతి చాలామందికి గేటు దగ్గరకు వెళ్లాకే గుర్తుకువస్తుంది.

ప్రశ్న: తుఫాను వచ్చినప్పుడు టీవీలో గాలికి ఊగిపోతూ మాట్లాడేవారిని చూస్తుంటాం. వారు, వారి కెమెరా వెనుకవారు ఏ ఏర్పాట్లతో వెళతారు? (అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మీరు అక్కడే ఉండి ఉంటారు, కాబట్టి ఆ గాలి గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. లైవ్ జట్టుకు రెండూ ప్రాణమే.

మన వార్తా ఛానళ్ల డీఎస్ఎన్జీ వ్యానులు (ఉపగ్రహం ద్వారా వార్తలు పంపే డిష్ ఉన్న వ్యానులు) చాలావరకు కేయూ బ్యాండు అనే తరంగాల శ్రేణిలో ఉపగ్రహానికి సంకేతం పంపుతాయి. 14 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే ఆ తరంగాలను జోరువాన పీల్చేస్తుంది. అంటే వానను చూపించవలసిన గంటలోనే వాన లైవ్‌ను కోసేస్తుంది. గాలి ఒక స్థాయి దాటాక వ్యాను మీది డిష్‌ను దించివేయక తప్పదు. అప్పుడు వెన్నున తగిలించుకునే లైవ్ బ్యాగు ఆదుకుంటుంది; వేరువేరు కంపెనీల సిమ్‌కార్డులను ఒకేసారి వాడి బొమ్మను ముక్కలుగా పంపి అవతల కలుపుకునే పెట్టె అది. టవర్లకు కరెంటు పోతే అదీ మూగబోతుంది. అందుకని తుఫాను జట్టు రికార్డు చేసుకోవడానికి అదనపు మెమరీ కార్డులు, వాటిని టవరు పనిచేసే ఊరి దాకా తీసుకువెళ్లడానికి క్యాన్లలో డీజిలు కూడా సర్దుకుంటుంది. ప్రత్యక్ష ప్రసారానికి వెళుతూ ప్రత్యక్షం కాని దారిని సిద్ధం చేసుకోవడం విడ్డూరంగా తోచవచ్చు, ఆ దారిలోనే నా తుఫాను కథనాల్లో సగం ఇల్లు చేరాయి.

సంచిలోకి వస్తే, బట్టలు, ఫోను, మందులు, కాగితాలు, నగదు ఒక్కొక్కటీ జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లో వెళ్లాలి. కెమెరాకు రెయిన్ కవరు సంస్థ ఇస్తుంది. చేతి మైకుకు మాత్రం హోటల్ గదుల్లో ఇచ్చే స్నానపు టోపీని మించిన రక్షణ నేను చూడలేదు, స్పాంజి కింద తొడిగితే నీరు దిగదు, గొంతు కాస్త మందగించినా వినబడుతుంది. అడుగు జారని బూట్లు, రెండు తువ్వాళ్లు, ఉప్పు నీరు తగిలిన కనెక్టర్లను తుడవడానికి మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డ ఉండాలి. ఈ చివరిదాన్ని అలక్ష్యం చేసినవారి కేబుళ్లకు పదిహేను రోజుల్లో పచ్చటి చిలుము పడుతుంది.

తుఫాను లేని రోజున కూడా విశాఖ బీచ్ రోడ్డు మీద కొత్తవారిని ఏడిపించేది మరొకటుంది. ఏసీ కారులోంచి చల్లటి కెమెరాను బయటికి తీయగానే లెన్సు మీద పొగమంచులా తేమ కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. లోపలి గాజు మీద పట్టినదైతే తుడవడానికే వీలుండదు. కెమెరా సంచిని జిప్పు తీయకుండానే బయట పెట్టి అరగంట వదిలేయడం ఒక్కటే మార్గం. అందుకు అరగంట ముందు చేరుకోవాలి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచితే కొంత మేలు.

ప్రశ్న: మా అబ్బాయి క్రికెట్ మ్యాచులు, ఉత్సవాల లైవ్‌లకు వెళ్లి వస్తుంటాడు. వచ్చిన ప్రతిసారీ కడుపు నొప్పే. ఏం కట్టి పంపాలి? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, పెరుగన్నం మాత్రం కట్టవద్దు. ఎండలో నిలిపిన వ్యానులో పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, మీ అబ్బాయి దాన్ని పారేయడం ఇష్టం లేక తింటాడు. చింతపండు పులిహోర ఒక పూటకు హాయిగా నిలుస్తుంది. చపాతీలలోకి కూర కాకుండా నువ్వులపొడి గాని, కందిపొడి గాని పెట్టండి. వేయించిన అటుకులు, పల్లీ చిక్కీలు ఎప్పుడైనా మంచివే, లైవ్ నడుస్తుండగా ఒక్క చేత్తో తినగలిగినదే వారికి భోజనం. మ్యాచు రోజున స్టేడియంలోకి బయటి ఆహారం అనుమతించకపోవచ్చు, ఆ రోజుకు అతన్ని ముందే కనుక్కోమనండి.

ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో వేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద పొట్లం పూర్తిగా ఒక లీటరు నీటిలో కలపాలి. సీసా చిన్నదని సగం నీటిలో పొట్లమంతా వేసుకోవడం తప్పు. ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. కాబట్టి మందుల దుకాణంలో సూత్రం చూసి పొడి పొట్లమే కొనండి. ఇంత చేసినా నొప్పి తగ్గకపోతే అది తిండి వల్ల కాదు, తినే వేళల వల్ల కావచ్చు, వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: సొంత డబ్బుతో కొన్న వస్తువులు జట్టులో కలిసిపోయి తిరిగి రావడం లేదు. ఏం చేయాలి? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీకంటూ ఒక రంగు టేపు ఎంచుకుని ప్రతి వస్తువుకు రెండు చివరలా చుట్టండి, జట్టులో ఇంకెవరూ వాడని రంగు చూసుకోవాలి, నాది గులాబీ. పెద్దవాళ్లు నవ్వారు గాని, గులాబీ టేపు ఉన్న కేబులును పొరపాటున ఇంటికి తీసుకువెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సంచి మూత లోపలివైపు వస్తువుల పట్టిక అంటించి, వ్యాను కదలకముందే టార్చి వెలుగులో దాన్ని చదువుతూ సర్దుకోండి. హోటల్‌కు వెళ్లాక చూద్దామనుకున్న బ్యారెళ్లలో ఒక్కటి కూడా నాకు ఇంతవరకు దొరకలేదు.